రెండు మెట్లు దిగే బట్టల దుకాణం: ఒక జిల్లా కేంద్రం బజారుకు నియమాలు రాసిన అనుభవం

ఈ పట్టణం వరంగల్‌కు రెండు గంటల దూరంలో ఉంది. పేరు చెప్పను. కొలతలు కొద్దిగా సవరించాను, మనుషుల ఆనవాళ్లు మార్చాను. పొరపాట్లను మాత్రం మార్చలేదు, ఎందుకంటే వాటిలో ఎక్కువ మావే. నేను హనుమకొండలో చిన్న ప్లానింగ్ ఆఫీసు నడుపుతాను. లేఅవుట్లు, మున్సిపాలిటీల డీపీఆర్‌లు (పనుల వివర నివేదికలు) మా రోజువారీ పని. ఒక బజారుకు డిజైన్ నియమాలు రాయమని అడగడం మాకు అదే మొదలు.

నేపథ్యం

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయినప్పుడు ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. అంతకుముందు చుట్టుపక్కల ఊళ్లకు పత్తి, వడ్లు, బట్టలు, బంగారం, పెళ్లి సామాను దొరికే చోటు, అంతే. జిల్లా రాగానే ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, ప్రైవేటు ఆసుపత్రులు వచ్చాయి. ఊరి బయట నాలుగు కిలోమీటర్ల దూరంలో కొత్త కలెక్టరేట్ లేచింది. దాంతో పాత బజారు చల్లబడుతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. కలెక్టరేట్‌కు పనిమీద వచ్చినవాళ్లు బస్సు దిగేది పాత బస్టాండులోనే. పని చూసుకొని, కొనేవి కొనుక్కొని, తిరుగు బస్సెక్కేదీ అక్కడే.

బస్టాండు నుంచి గడియారం చౌరస్తా దాకా 600 మీటర్లు ఉంటుంది. ఊరి నడిబొడ్డంటే అదే. రెండు వైపులా మడిగెలు. పాతవాటికి పదిహేను అడుగుల ముఖం, పాతిక అడుగుల లోతు. పొద్దున ఆరింటికి గడియారం కింద కూలీల అడ్డా, ఏడు నుంచి పదకొండు దాకా మోరీ (మురుగు కాలువ) బండల మీద కూరగాయల గంపలు, ఆ తర్వాత బండ్ల పార్కింగ్, సాయంత్రం మిర్చి బజ్జీల బండ్లు. సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లంతా ఈ దారినే చెరువుకు పోతారు. వినాయకులూ ఇటునుంచే కదులుతారు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

2021లో మున్సిపాలిటీ మమ్మల్ని పిలిచి అడిగింది రెండు మాటలు: ట్రాఫిక్ తగ్గాలి, బజారు అందంగా కనబడాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు 80 అడుగులు. నేల మీద ఎక్కడా 58 దాటదు, గడియారం దగ్గరైతే 50 కూడా ఉండదు. సగటున 56 అనుకోండి. కాబట్టి వెడల్పు చేయాలి, చేసిన తర్వాత దుకాణాల ముఖాలు ఒకే తీరుగా ఉండేలా నియమాలు కావాలి. అడిగినవాళ్లకు అనుమానం లేదు, మాకూ లేదు. సమస్య ఏమిటో వాళ్లే చెప్పారు గనుక మేం నేరుగా పరిష్కారంలో దిగాం. ఇది మొదటి తప్పు. అది తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ముందు చేసింది, చెడింది

వెడల్పుకు మార్కింగ్ వేశారు. ఎర్ర రంగు గీతలు దుకాణాల లోపల, గల్లాపెట్టె వెనక గోడల మీద పడ్డాయి. నేను ఆ రోజు టేపు పట్టుకొని ఒక కిరాణా దుకాణంలో నిలబడి ఉన్నాను. ఆ సేఠ్ నోటితోనే లెక్క చేశాడు. పాతిక అడుగుల లోతులో వెడల్పుకు పన్నెండు పోతే పదమూడు మిగులుతుంది. మిగిలినదాంట్లో కొత్తగా కట్టుకోవాలంటే ముందు ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే అందరూ 168 జీవో అనేవి, రోడ్డుకు స్థలం ఉచితంగా ఇచ్చినవాళ్లకు సెట్‌బ్యాక్‌లో సడలింపు ఇస్తాయి. ఆ సడలింపు తర్వాత కూడా 18 నుంచి 30 మీటర్ల లోపు రోడ్డు మీద కనీసం 3 మీటర్ల బిల్డింగ్ లైన్, అంటే రోడ్డు అంచుకూ గోడకూ మధ్య ఖాళీ, ఉండాల్సిందే. 80 అడుగులంటే 24 మీటర్లు, అంటే ఆ తరగతిలోకే వస్తుంది. పదమూడులోంచి పది పోతే మూడడుగులు. ‘మూడడుగులంటే పాన్ డబ్బా గూడ కాదు గద సార్’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా డ్రాయింగ్‌లో ఆ దుకాణం ఒక గీత మాత్రమే.

కొందరు కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నారు. పలుకుబడి లేని ఏడెనిమిది మంది దుకాణాలు మాత్రం కూలాయి. బజారు పండ్లూడిన నోరులా తయారైంది. కూల్చిన చోట రోడ్డు పెరగలేదు, ఆ ఖాళీల్లో మోటార్ సైకిళ్లు నిలబడ్డాయి. నడిచేవాళ్లు వాటిని చుట్టుకొని ఇంకా నడిమికి వచ్చారు.

ఇక నియమాల పుస్తకం. డెబ్బై పేజీలు, ఇంగ్లీషులో, రంగుల బొమ్మలతో. బోర్డులన్నీ ఒకే సైజు, గోడలకు మూడే రంగులు, ప్రతి దుకాణం పైన కాకతీయ తోరణం ఆకారం. ఈ తోరణం గురించి ఒక మాట చెప్పుకోవాలి. వరంగల్ కోటలో స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా విడిగా నిలబడ్డ రాతి ద్వారాలవి. వాటి కింద నడిచి పోవాలి, అందుకు కట్టినవి. వాటిని ఫ్లెక్సీ మందంలో కోసి షట్టర్ పైన అతికించమనడం నాకు అప్పుడు సంస్కృతిలా కనబడింది. ఇప్పుడు ఆ పేజీ తెరవను.

ఆ పుస్తకాన్ని మున్సిపల్ మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. వారం తర్వాత టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్ ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. ఫీల్డులో తిరిగేది ఆయన ఒక్కడే. ‘సార్, ఇందుల నేను టేపు పట్టుకపోయి కొలిచేది ఏముంది?’ అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే వెతికాడు. దొరకలేదు.

గంపల వ్యాపారులను కొత్తగా కట్టిన మార్కెట్ భవనంలోకి మార్చడం మూడో ప్రయత్నం. భవనం బాగానే ఉంది, గాలి వెలుతురు ఉన్నాయి, కానీ బస్టాండుకు వెనక వీధిలో ఉంది. నెల తిరగకముందే గంపలన్నీ మళ్లీ మోరీ బండల మీదికి వచ్చాయి. తోటకూర కట్టలు అమ్మే ఒక అవ్వను అడిగితే, ‘మార్కెట్ల ఈగలు, నేను తప్ప ఇంకెవలున్నరు బిడ్డా? బస్సు దిగినోళ్లు ఈడనే కొంటరు’ అంది. చట్టం కూడా ఆమె పక్షానే ఉందని తర్వాత చదువుకున్నాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సహజంగా ఏర్పడ్డ మార్కెట్‌ను వ్యాపార నిషేధ ప్రాంతంగా ప్రకటించడానికి లేదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఈ ఊళ్లో కమిటీ కాగితం మీద ఉంది. తరలింపు మీద అది ఒక్కసారీ కూచోలేదు. ఫైలు పంపే ముందు ఆ సంగతి అడగాల్సింది మేమే. అడగలేదు.

వాన, మెట్లు

2023 జూలై చివరి వారం ఉత్తర తెలంగాణలో ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, రాష్ట్రంలో అదే రికార్డు. వరంగల్ కాలనీలు మునిగాయి. మా పట్టణంలో అంత వాన లేదు, కానీ బజారు మొత్తం దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయి. వాన వెలిసిన రెండో రోజు నష్టం చూడ్డానికి పోయాను. అప్పటికి మా కాంట్రాక్టు దాదాపు అయిపోయినట్టే. నిజం చెప్పాలంటే ఆ పోవడం పలకరింపుకే.

గడియారానికి నాలుగు దుకాణాల ఇవతల ఒక పాత బట్టల దుకాణం. తడిసిన చీరల మూటలు బయట అరుగు మీద ఆరేసి ఉన్నాయి. లోపలికి అడుగు వేయబోయి తూలాను, రెండు మెట్లు కిందికి ఉన్నాయి. డెబ్బై ఏళ్ల సేఠ్ నన్ను పట్టుకొని నవ్వాడు. ‘మా నాయిన ఉన్నప్పుడు మూడు మెట్లెక్కి దుకాణంల అడుగు పెడ్తుండె సార్. ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్నం. దుకాణం ఏడికి పోలే, రోడ్డే పైకొచ్చింది.’

దర్వాజ పక్కన గోడకు వంగి చూపించాడు. సున్నం పొరల కింద పాత రాతి గడప అంచు ఉంది. దాని ముందటి మూడు మెట్లూ నేలలోనే ఉన్నాయట, తవ్వితే దొరుకుతాయట. తర్వాత తవ్వాం, దొరికాయి. అరిగి నడుమ గుంటలు పడ్డ కడప బండలు.

రెండేళ్లుగా మేం వెడల్పు కొలిచాం, బండ్లు లెక్కపెట్టాం, బోర్డుల సైజు నిర్ణయించాం. లెవెల్ మాత్రం ఒక్కసారీ తీయలేదు. మర్నాడే డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి), దాని కొలత కర్ర తెప్పించి 600 మీటర్లూ కొలిచాం. బీటీ (తారు) పొర వేసిన ప్రతిసారీ రోడ్డు దాదాపు రెండు అంగుళాలు లేస్తుంది, దాని మీద సీసీ (సిమెంటు కాంక్రీటు) పోస్తే ఆరు నుంచి ఎనిమిది. పాత పొర తీసి కొత్తది వేయడమనేది ఎస్టిమేటులో ఉండదు. ‘గట్టి బేస్ ఉండంగ తవ్వుడెందుకు’ అంటాడు ఇంజినీరు. ఆయన కోణంలో అది తప్పేమీ కాదు. పొర గీకే మిషను చిన్న ఊళ్లకు రాదు, తీసిన మట్టి పోసే చోటు ఉండదు. గడియారం దిమ్మెకు ఒకప్పుడు మూడు అంచెలు. రెండు రోడ్డులో కలిసిపోయాయి.

ఇక్కడి నుంచి మాకు అంతా వరసగా కనబడింది. రోడ్డు లేస్తే నీళ్లు దుకాణంలోకి వస్తాయి. కొత్తగా కట్టేవాడు భయపడి పునాది మూడడుగులు, నాలుగడుగులు ఎత్తుతాడు. అంత ఎత్తుకు మెట్లు, ర్యాంపు కావాలి, అవి తన స్థలంలో పట్టవు, మోరీ మీదికి వస్తాయి. మెట్ల కింద మోరీ ఎవరూ తీయలేరు. పూడిన మోరీ రోడ్డు మీదికి పొంగుతుంది. నీళ్లు నిలిచి రోడ్డు పాడవుతుంది. పాడైన రోడ్డు మీద ఇంకో పొర. ఒక దుకాణం మెట్లు, పక్కదాని ర్యాంపు, ఆ పక్కదాని గుంట మధ్య నాలుగడుగులు వరసగా నడిచే వీలు లేక మనిషి రోడ్డు దిగుతాడు. మనిషి దిగితే ఆటో ఆగుతుంది. దానికి ఊళ్లో పెట్టిన పేరు ట్రాఫిక్. ఆ ట్రాఫిక్‌కు మేం రాసిన మందు 80 అడుగులు.

మా ఆఫీసులో అబ్బాయి ఒక సందేహం అడిగాడు: బండ్లు పెరిగిన మాట నిజమే కదా, అంతా మెట్ల మీద తోసేస్తే ఎలా అని. న్యాయమైన ప్రశ్న. అందుకే వానల తర్వాత ఒక అంగడి రోజు, ఒక మామూలు రోజు రోడ్డు మీద కూచొని చూశాం. బండ్లు ఆగుతున్నవి ఎక్కువగా మనుషులు రోడ్డు మీద నడిచే చోట్ల, బండి దింపడానికి ర్యాంపు అడ్డం వచ్చిన చోట్ల. బస్టాండు వైపు రెండు దుకాణాల ముందు నడక దారి సాపుగా ఉంది, అక్కడ రోడ్డు ఇంకా ఇరుకైనా కదలిక ఆగలేదు. దీన్ని రుజువు అనను. పని మొదలుపెట్టడానికి సరిపోయింది.

రెండోసారి రాసిన నియమాలు

ఈసారి ఒక్క కాగితం, రెండు వైపులా, తెలుగులో, అడుగులు అంగుళాల్లో. ఆ సూపర్‌వైజర్ను పక్కన కూచోబెట్టుకొని రాశాం. ఆయన టేపుతోనో లెవెల్ పైపుతోనో అక్కడికక్కడ చూడలేనిది ఏదైనా సరే కొట్టేశాం. రంగులు పోయాయి, తోరణం పోయింది, బోర్డు సైజు పోయింది. బోర్డుకు మిగిలింది ఒకటే: నడిచే మనిషి తల మీద తొమ్మిదడుగుల లోపు ఏదీ వేలాడొద్దు.

మొదటి నియమం రోడ్డుకు పెట్టాం, దుకాణానికి కాదు. గడియారం దిమ్మె మీద ఒక గీత గీసి, రోడ్డు ఇక ఎప్పుడూ దీనికంటే పైకి రాకూడదు, కొత్త పొర వేయాలంటే పాతది తీయాలి అని రాశాం. దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. రోడ్డు రేపు లేవదని మున్సిపాలిటీ మాట ఇవ్వకుండా నీ పునాది తగ్గించుకో అని సేఠ్‌కు చెప్తే వినడు, వినకూడదు కూడా.

దుకాణం గడప ఆ గీతకు అడుగున్నర మించొద్దన్నాం. మెట్లన్నీ గడప లోపలికే, మోరీ బండ మీదికి ఒక్క మెట్టూ రావొద్దు. నియమాల్లో ఎక్కువ గొడవ జరిగింది దీనిమీదే. అడుగున్నరకు మూడు మెట్లు, దుకాణంలో మూడడుగుల లోతు పోతుంది. అంత ఇవ్వలేనివాళ్లకు తొమ్మిది అంగుళాల గడప, ఒక చిన్న వాలు చాలని చూపించాం. నీళ్లు వస్తాయని భయం పోవాలంటే మోరీ పని చేయాలి. మోరీ పని చేయాలంటే మూత తీయడానికి వీలుండాలి. అందుకని మోరీ మీద ఇద్దరు మనుషులు లేపగలిగే బండలే వేయాలి, సిమెంటుతో మూసేయకూడదు, బండ పైభాగం దుకాణం నుంచి దుకాణానికి ఒకే మట్టంలో సాగాలి అన్నాం.

వెడల్పు దగ్గర ఆలోచన మొత్తం తిరగబడింది. 168 జీవోలోనే 18 మీటర్ల లోపు రోడ్డుకు కనీస బిల్డింగ్ లైన్ 2 మీటర్లు. నడక దారికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ కోడ్ అడిగే కనీస వెడల్పు 1.8 మీటర్లు. రెండు నంబర్లూ నాకు పదేళ్లుగా తెలుసు, పక్కపక్కన పెట్టి చూడలేదు. బజారు ముక్కను 80 అడుగుల నుంచి తప్పించి ఉన్న వెడల్పులోనే, అంటే 18 మీటర్ల లోపే ఉంచితే, కొత్తగా కట్టేవాడు వదిలే 2 మీటర్లు అచ్చంగా నడక దారి అవుతుంది. పాతిక అడుగుల దుకాణానికి పద్దెనిమిది పైచిలుకు మిగులుతుంది. అందులో వ్యాపారం చేసుకోవచ్చు. స్థలం యజమానిదే, గోడ కట్టకుండా, ఎత్తకుండా, మోరీ బండ మట్టానికి వదిలితే చాలు. పెద్ద లారీలు ఎలాగూ బైపాస్ మీద పోవాలి. మాస్టర్ ప్లాన్ మార్చడం మున్సిపాలిటీ చేతిలో లేదు, ప్రభుత్వం నోటిఫై చేయాలి. కౌన్సిల్ తీర్మానం చేసి పంపింది, అది ఇంకా పైనే ఉంది. మార్కింగ్ మాత్రం ఆగింది.

అనుమతుల వైపు ఒక చిక్కు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్, అంటే ఆన్‌లైన్‌లో కట్టడాల అనుమతులిచ్చే పద్ధతి ప్రకారం 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. మంచి ఏర్పాటే, పేదవాళ్లకు లంచాల బాధ తప్పింది. కానీ బజారులో చాలా మడిగెలు ఆ సైజువే. దరఖాస్తులో ఇల్లు, కింద చూస్తే రెండు షట్టర్లు. పునాది పడ్డాక గానీ ఎవరూ చూడరు, చూశాక కూల్చలేరు. దీనికి మేం కనిపెట్టిన ఉపాయం పెద్ద గొప్పదేం కాదు. బజారులో కొత్త పునాది వేసేది ఎవరు? ఊరు మొత్తానికి పది పన్నెండు మంది మేస్త్రీలు. పునాది ఎంత ఎత్తాలో నిజానికి చెప్పేది వాళ్లే, యజమాని కాదు, ఆర్కిటెక్టు అసలే కాదు. వాళ్లను ఒక ఆదివారం పిలిచి, చాయ్ తాగించి, గడియారం గీత నుంచి లెవెల్ పైపుతో మట్టం ఎలా తెచ్చుకోవాలో గల్లీ గల్లీకి చూపించాం. నలుగురు మేస్త్రీలు అప్పటికప్పుడే మాకంటే చక్కగా చేశారు.

అమలు

2023 చివర అసెంబ్లీ ఎన్నికలు, ఏ పనీ కదల్లేదు. 2024 జనవరిలో తీర్మానం అయింది. ముందు ఒక వైపు, 120 మీటర్లు, ఇరవై రెండు దుకాణాలు. ఎప్పుడు తవ్వాలన్నదే పెద్ద చర్చ. పెళ్లిళ్ల సీజన్‌లో తవ్వితే బట్టలవాళ్లు, బంగారంవాళ్లు మమ్మల్నే తవ్వుతారు. ఆ ఏడు ఏప్రిల్ చివర మూఢం వచ్చి జూలై దాకా ముహూర్తాలు లేవు. ఆ సంగతి చెప్పింది బట్టల దుకాణం సేఠే. పంచాంగం చూసి పని కార్యక్రమం వేయడం నా సర్వీసులో అదొక్కసారే, అంత సరిగ్గా కుదిరిన కార్యక్రమమూ అదొక్కటే. లోక్‌సభ ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, వర్క్ ఆర్డర్ దానికి పది రోజుల ముందే చేతికొచ్చింది.

జేసీబీ వచ్చిన పొద్దున దుకాణాలవాళ్లంతా షట్టర్లు సగం దించి నిలబడ్డారు. ఈ ఊళ్లో జేసీబీ వస్తే కూల్చేది దుకాణాన్నే. అది రోడ్డు మీద పన్ను దింపి సీసీ ముక్క లేపేసరికి కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జనం గుమిగూడారు. ‘రోడ్డును కూలగొడ్తున్నరు రా’ అని ఒక పిల్లగాడు అరిచాడు.

అంతా సాఫీగా జరగలేదు. మూడో రోజు నీళ్ల పైపు తెగింది, ఐదో రోజు ఇంకోటి. పాత పైపులు పొరల మధ్యలోంచే పోయాయి, ఎవరి దగ్గరా మ్యాపు లేదు. మూడు రోజులు రెండు వార్డులకు నల్లా రాలేదు. కౌన్సిలర్ నన్ను నడి బజారులో తిట్టింది, తిట్టాల్సిందే. ముందుగా పది చోట్ల గుంటలు తీసి పైపులు ఎంత లోతులో ఉన్నాయో చూసి ఉంటే సరిపోయేది. లెవెల్ మీద ఇంత జ్ఞానోదయం అయినవాళ్లం నేల కింద చూడటం మరిచాం.

రోడ్డు అడుగు దిగింది. మోరీ కొత్తగా కట్టి బండలు ఒకే మట్టంలో పరిచారు. ఇరవై రెండింటిలో పదిహేడు దుకాణాలు మెట్లు లోపలికి తీసుకున్నాయి. ముగ్గురు ససేమిరా అన్నారు, ఇద్దరివి అద్దె తగాదాలు. ఆ ఐదింటి ముందు బండ ఇప్పటికీ ముక్కలుగా ఉంది. బట్టల దుకాణం ముందు పాత మెట్లలో ఒకటి మళ్లీ పైకి వచ్చింది. సేఠ్ దాన్ని కడిగించి పసుపు రాశాడు.

గంపల సంగతి. బండ సాపు అయ్యాక టౌన్ వెండింగ్ కమిటీని మొదటిసారి నిజంగా కూచోబెట్టాం. దుకాణం గోడ వైపు ఆరడుగులు నడకకు, రోడ్డు అంచున మూడడుగులు పొద్దున పదకొండు దాకా గంపలకు, ఆ తర్వాత మోటార్ సైకిళ్లకు. దుకాణాలు తెరుచుకొని బేరం మొదలయ్యేది ఆ వేళకే, కాబట్టి సేఠ్‌లకు అభ్యంతరం లేకపోయింది. గీతలు గీసే ముందు అవ్వను కూచోమని కొలిచాం: గంప, ఆమె, వెనక గోనె సంచి కలిపి మూడడుగులకు రెండంగుళాలు ఎక్కువ. ఆ రెండంగుళాలు ఇచ్చాం.

ఓడిపోయింది డివైడర్ దగ్గర. 56 అడుగుల బజారులో నాలుగడుగుల డివైడర్ వద్దని మూడు మీటింగుల్లో చెప్పాను. మనుషులు అటూ ఇటూ దాటి బేరం చేస్తారు, బతుకమ్మ, వినాయకులు మధ్యలోంచే పోతాయి. కానీ సెంట్రల్ లైటింగ్ లేని జిల్లా కేంద్రం జిల్లా కేంద్రమే కాదన్న అభిప్రాయం గట్టిది. బస్టాండు వైపు సగం దాకా కట్టారు. సద్దుల నాడు ఆడవాళ్లు దాని రెండు వైపులా చీలి నడిచి, గడియారం దగ్గర మళ్లీ కలుసుకున్నారు.

ఇప్పుడు ఇలాంటి పని వస్తే చేసే తీరు

మొదటి వారమే లెవెల్ తీస్తాను, వెడల్పు ఆ తర్వాత. బజారులో అన్నిటికంటే పాత గడప ఏదో అడిగి దాని ముందు నిలబడతాను, రోడ్డు చరిత్ర అక్కడ ఉంటుంది. అడిగినవాళ్లు సమస్యకు పెట్టిన పేరును ఫైలు మీద రాసుకుంటాను గానీ డ్రాయింగ్ మీద రాయను. నియమాల ముసాయిదా మొదట చదవాల్సింది కమిషనర్ కాదు, టేపు పట్టుకొని తిరిగేవాడు, ఆ తర్వాత మేస్త్రీ. యజమానిని అడిగేదానికి ముందు మున్సిపాలిటీ తనమీద తాను ఒక నియమం పెట్టుకోవాలి. ఇదొక్కటి లేకపోయుంటే ఆ పదిహేడు మందిలో ఐదుగురు కూడా కదిలేవారు కాదని నా నమ్మకం. మిగతా 480 మీటర్లకు నిధులు రాలేదు. 2025 జనవరిలో కౌన్సిల్ గడువు తీరి ప్రత్యేక అధికారి పాలన వచ్చింది. తీర్మానం ఫైలులో ఉంది. బజారు అవతలి చివర ఇద్దరు కొత్తగా కట్టుకుంటూ ఎవరూ చెప్పకుండానే గడప తొమ్మిది అంగుళాలకు ఆపారు. ఇద్దరికీ ఒకడే మేస్త్రీ.

2025 ఆగస్టులో సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ‘సార్, గీత కనబడ్తలేదు. పంద్రాగస్టుకని గడియారానికి రంగేసిన్రు.’ మర్నాడు ఇద్దరం పోయి, పాత కొలతల కాగితం పెట్టుకొని, బట్టల దుకాణం గడప నుంచి లెవెల్ పైపు పట్టి మళ్లీ మట్టం తెచ్చాం. ఈసారి రంగుతో కాకుండా వడ్డెర అతన్ని పిలిచి ఉలితో చెక్కించాం. అర అంగుళం లోతు పోవాలన్నాడు సూపర్‌వైజర్. అతను ముప్పావు చెక్కాడు.